కలిసొచ్చిన సొమ్ము, అలవాటైన పొదుపు

1904 జనవరి 2న పారిస్‌లోని గోబెలాఁ వీధి బ్యాంకులో 70,000 బంగారు ఫ్రాంకుల చెక్కు ఒకటి జమ అయింది. జమ చేసినవాళ్లు క్యూరీ దంపతులు. అంతకుముందు డిసెంబరులో ఇచ్చిన భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో వాళ్లకి వచ్చిన సగం అది. మిగతా సగం హెన్రీ బెకెరెల్‌కి వెళ్లింది. పెళ్లయిన కొత్తలో పియరీ క్యూరీ జీతం నెలకి 500 ఫ్రాంకులు. ఆ లెక్కన పదకొండేళ్ల పైచిలుకు జీతం ఒక్క కాగితం రూపంలో చేతికొచ్చింది.

ఈ డబ్బు ఎవరి చేతికొచ్చిందో ముందు చూడాలి. మేరీ 1891లో పోలండు నుంచి పారిస్ వచ్చి, కొన్నాళ్లు అక్క ఇంట్లో ఉండి, చదువు సాగడం లేదని విడిగా ఒక అటక గదిలోకి మారింది. రోజుకి మూడు ఫ్రాంకుల్లో అన్నీ గడవాలి. గదిలో బొగ్గూ, దీపానికి నూనే మిగలాలని సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చుని, రాత్రి పదింటికి తలుపులు మూసేదాకా చదివేది. ఒకసారి స్నేహితురాలి ఎదుటే కళ్లు తిరిగి పడిపోయింది. డాక్టరైన బావగారు వచ్చి గుచ్చి గుచ్చి అడిగితే తేలిందేమిటంటే, ముందురోజు సాయంత్రం నుంచి ఆమె కడుపులో పడింది ఒక కట్ట ముల్లంగి, అర పౌను చెర్రీ పళ్లు. 1893లో ఆమెకి 600 రూబుళ్ల ఉపకారవేతనం వచ్చింది. తర్వాత చేతికి నాలుగు డబ్బులు రాగానే ఆ మొత్తం తిరిగి కట్టేసింది. కట్టమని ఎవరూ అడగలేదు. 1895లో పెళ్లికి కొనుక్కున్నది తర్వాత ప్రయోగశాలలో కూడా వేసుకోగలిగే ముదురు నీలం దుస్తులు. కానుకగా వచ్చిన డబ్బుతో దంపతులు కొన్నది రెండు సైకిళ్లు.

అలాంటి ఇంటికి ఒక్కసారిగా 70,000 ఫ్రాంకులు వచ్చాయి. ఏం చేశారు? కూతురు ఈవ్ 1937లో రాసిన జీవితచరిత్రలో ఆ పద్దు ఉంది. పియరీ భౌతిక, రసాయన శాస్త్రాల పాఠశాలలో పాఠాలు చెప్పడం మానేశాడు. ఆ ఉద్యోగంలోకి ఆయన శిష్యుడు పాల్ లాంజెవిన్ వచ్చాడు. సొంత ఖర్చుతో ప్రయోగశాలకి ఒక సహాయకుణ్ణి పెట్టుకున్నారు. పోలండులో క్షయరోగుల వైద్యశాల కట్టుకుంటున్న అక్కా బావలకి 20,000 ఆస్ట్రియా క్రౌన్లు పంపారు. పియరీ అన్నగారికి, మేరీ తోబుట్టువులకి, డబ్బుకి ఇబ్బంది పడుతున్న పోలండు విద్యార్థులకి, ప్రయోగశాలలో పనిచేసే కుర్రాళ్లకి కానుకలు వెళ్లాయి. చిన్నప్పుడు మేరీకి ఫ్రెంచి నేర్పిన పంతులమ్మ ఒకావిడ పోలండులో స్థిరపడిపోయింది. ఒక్కసారైనా పుట్టిన దేశం చూడాలని ఆవిడ కోరిక. రానుపోను ఖర్చులిచ్చి ఆమెని ఫ్రాన్సుకి పిలిపించుకున్నారు. మిగిలిన దాంట్లో చాలా భాగం బాండ్లలో పెట్టారు. ఇంటి కోసం పెట్టిన ఖర్చు రెండే పద్దులు: కొత్త పద్ధతి స్నానాలగది ఒకటి, మాసిపోయిన ఒక చిన్న గది గోడలకి కొత్త కాగితం. మేరీ కొత్త టోపీ కూడా కొనుక్కోలేదని ఈవ్ రాసింది. తన పంతులమ్మ ఉద్యోగం కూడా ఆమె వదల్లేదు.

డబ్బు వచ్చినా వాళ్లు మారలేదని ఈ పద్దు చూసి చాలామంది అంటారు. నాకు అలా కనిపించదు. వాళ్ల జీవితం బాగానే మారింది. పియరీకి బోధన తగ్గి పరిశోధనకి రోజులు దక్కాయి, సాయానికి ఒక మనిషి దొరికాడు, అయినవాళ్ల అవసరాలు తీరాయి. మారనిది సొంత ఒంటి మీదా ఇంటి మీదా పెట్టే ఖర్చు. అంటే వాళ్ల పొదుపు డబ్బు కోసం చేసిన పొదుపు కాదు. దేని కోసం అంతకాలం తగ్గించుకుని బతికారో, డబ్బు రాగానే అది నేరుగా అక్కడికే వెళ్లింది.

క్యూరీలు అసాధారణమైన మనుషులు, వాళ్లని చూసి మామూలు ఇళ్ల సంగతి చెప్పలేం అనవచ్చు. న్యాయమైన మాటే. మామూలు మనుషులకి ఊహించని డబ్బు వస్తే ఏమవుతుందో అర్థశాస్త్రవేత్తలు డెబ్బయ్యేళ్లుగా కొలుస్తున్నారు. 1957లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఒక సిద్ధాంతం చెప్పాడు. మనిషి ఖర్చు ఈ నెల చేతికొచ్చిన డబ్బుని బట్టి ఉండదు, మొత్తం మీద తనకి ఎంత వస్తూ ఉంటుందని అనుకుంటాడో దాన్ని బట్టి ఉంటుంది. అలాగైతే ఒక్కసారి వచ్చిపడిన సొమ్ములో అప్పటికప్పుడు ఖర్చయ్యేది కొద్దిగానే ఉండాలి. మిగతాది రాబోయే సంవత్సరాలకి సర్దుకోవాలి.

దీన్ని పరీక్షించే అవకాశం ఇజ్రాయెల్‌లో దొరికింది. నాజీల చేతిలో నష్టపోయిన కుటుంబాలకి 1950లలో జర్మనీ పరిహారం చెల్లించింది. ఒక్కో కుటుంబానికి ఒక్కో మొత్తం. ఎవరు ఎంత ఖర్చుపెట్టారో మైకేల్ లాండ్స్‌బర్గర్ 1966లో లెక్కగట్టాడు. ఏడాది ఆదాయంలో మూడింట రెండు వంతుల దాకా పరిహారం వచ్చిన కుటుంబాలు అందులో పావు వంతు కూడా ఖర్చు చెయ్యలేదు. ఆదాయంలో ఏడు శాతం మాత్రమే వచ్చినవాళ్లు వచ్చినదానికి దాదాపు రెట్టింపు ఖర్చుపెట్టేశారు! చిన్న మొత్తం చేతిలో పడగానే, ఎన్నాళ్ల నుంచో వాయిదా వేస్తున్న సామాను ఏదో గుర్తొస్తుంది. పై డబ్బు జేబులోంచి వేసి మరీ కొంటారు. పెద్ద మొత్తం వస్తే దాన్ని మనసు ‘ఆస్తి’ అన్న ఖాతాలో రాసుకుంటుంది. ఆస్తిని కదపడానికి చెయ్యి రాదు. మనిషి తల లోపల ఇలా విడివిడి ఖాతాలు నడుపుతాడని రిచర్డ్ థేలర్ తర్వాత విస్తారంగా చూపించి, 2017లో నోబెల్ అందుకున్నాడు.

నార్వేలో పౌరుల ఆదాయం, ఆస్తుల వివరాలన్నీ పన్ను లెక్కల్లో నమోదవుతాయి. అక్కడి లాటరీ విజేతల మీద 2021లో వచ్చిన అధ్యయనం ప్రకారం, గెలిచిన ఏడాదిలోనే సగటున దాదాపు సగం సొమ్ము ఖర్చయింది. ఆ తర్వాత ఖర్చు ఏటా తగ్గుతూ వచ్చి, ఐదేళ్లలో పాత స్థాయికి చేరింది. బ్యాంకులో నిల్వ లేనివాళ్లు ఎక్కువ భాగం ఖర్చుపెట్టారు, నిల్వ ఉన్నవాళ్లు తక్కువ. అంటే మొదటి ఏడాది పొంగు నిజమే, అది శాశ్వతమైన స్వభావం కాదన్నదీ నిజమే.

లాటరీ తగిలినవాళ్లలో డెబ్బయి శాతం మంది కొద్ది ఏళ్లలో దివాలా తీస్తారన్న మాట పత్రికల్లో తరచు కనిపిస్తుంది. ఆ అంకెని అమెరికాలోని ఒక ఆర్థిక విద్యాసంస్థ పేరుతో చెబుతూ వచ్చారు. అది తమ పరిశోధనలో తేలింది కాదని ఆ సంస్థే 2018లో ప్రకటించింది. గట్టిగా కొలిచిన సంగతి వేరేలా ఉంది. ఫ్లోరిడాలో 50,000 నుంచి 1,50,000 డాలర్ల దాకా గెలిచినవాళ్లని, పది వేల లోపు గెలిచినవాళ్లతో పోల్చి చూశారు. పెద్ద మొత్తం గెలిచినవాళ్లలో మొదటి రెండేళ్లు దివాలాలు తగ్గాయి. మూడో ఏడు నుంచి ఐదో ఏడు దాకా పెరిగాయి. కలిపి చూస్తే పెద్ద తేడా మిగల్లేదు. అప్పుల్లో ఉన్నవాళ్లకి ఆ డబ్బు గండాన్ని వాయిదా వేసింది, అంతే. డబ్బు మనిషిని పాడుచేసిందని చెప్పడానికి ఇందులో ఆధారం లేదు. బాగుచేసిందనడానికీ లేదు.

స్వీడన్‌లో పెద్ద మొత్తాలు గెలిచినవాళ్ల సంగతి కూడా ఈ తీరులోనే ఉంది. లక్ష క్రోనార్లు గెలిస్తే ఏడాది సంపాదన తగ్గేది సుమారు వెయ్యి క్రోనార్లు. నాలుగు రోజులు సెలవు పెట్టుకుంటారు, పనిగంటలు కాస్త తగ్గించుకుంటారు. ఉద్యోగానికి దండం పెట్టి వచ్చేసేవాళ్లు తక్కువ. అంతకుముందు 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్ బృందం ఇల్లినాయ్ లాటరీ విజేతలు 22 మందిని అడిగి, వాళ్లు పొరుగువాళ్ల కన్నా సంతోషంగా లేరనీ, చిన్న చిన్న విషయాల్లో వాళ్లకి ఆనందం తగ్గిందనీ రాసింది. ప్రపంచమంతా దాన్నే పాఠంలా చెప్పుకుంది. అయితే 22 మంది చాలా కొద్దిమంది. 2020లో స్వీడన్‌లో వేలమందిని, గెలిచిన ఐదేళ్ల నుంచి ఇరవై రెండేళ్ల తర్వాత అడిగినప్పుడు, పెద్ద మొత్తాలు గెలిచినవాళ్లు తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తితో ఉన్నట్టు తేలింది. ఆ తృప్తి పదేళ్లు దాటినా తగ్గలేదు. రోజువారీ సంతోషం మీద ప్రభావం మాత్రం చిన్నది. డబ్బు వల్ల సుఖం లేదని పేదవాళ్లకి నీతి చెప్పేవాళ్లు ఈ అధ్యయనం ఒకసారి చదవాలి.

ఇంతవరకు చూసినవన్నీ సగటులు. మన ప్రశ్న మాత్రం పొదుపరికి డబ్బు వస్తే ఏమవుతుందని. పొదుపుగా కనిపించేవాళ్లంతా ఒకటి కాదు.

2008లో స్కాట్ రిక్, సింథియా క్రైడర్, జార్జ్ లోవెన్‌స్టైన్ 13,000 మందికి పైగా మనుషుల్ని ప్రశ్నించారు. దాదాపు పావు వంతు మందికి డబ్బు ఖర్చుపెట్టడం అంటేనే బాధ. తమకే మంచిదని తెలిసిన ఖర్చు కూడా పెట్టలేరు, తర్వాత అయ్యో అనుకుంటారు. ఒక ప్రయోగంలో కొంతమందికి డీవీడీలు ఇస్తామనీ, నెల తర్వాత వస్తాయనీ, రేపే కావాలంటే ఐదు డాలర్లు కట్టాలనీ చెప్పారు. సగం మందికి ‘ఐదు డాలర్ల రుసుము’ అని రాశారు. సగం మందికి ‘చిన్న ఐదు డాలర్ల రుసుము’ అని రాశారు. ‘చిన్న’ అన్న ఒక్క మాట చేరగానే ఖర్చంటే జంకేవాళ్లలో సరేనన్నవాళ్లు బాగా పెరిగారు. ధారాళంగా ఖర్చుపెట్టేవాళ్లకి ఆ మాట ఉన్నా లేకపోయినా ఒకటే అయింది. ఐదు డాలర్లు ఐదు డాలర్లే. తగ్గింది బాధ. మెదడుని స్కాన్ చేసి చూసినప్పుడు కూడా, ధర మరీ ఎక్కువ అనిపించిన క్షణంలో ఇన్సులా అనే భాగం చురుకెక్కుతుందని 2007లో మరో బృందం చూపించింది. ఒంటి నొప్పినీ అసహ్యాన్నీ గుర్తించడంలో పాలుపంచుకునే భాగాల్లో అదొకటి.

ఇష్టంతో పొదుపు చేసేవాళ్లు వేరు. వాళ్లకి ఖర్చు బాధ కాదు, మిగల్చడం సంతోషం. ఉన్న వస్తువుని బాగుచేసుకుని వాడటంలో, ఊరికే వెలుగుతున్న దీపాన్ని ఆర్పడంలో వాళ్లకి ఒక తృప్తి ఉంటుంది. ఇక మూడో రకం మనుషులు అసలు ఎంచుకున్నవాళ్లే కాదు. లేక పొదుపు చేస్తున్నవాళ్లు. అటక గదిలో ముల్లంగి తిన్న మేరీ కొంత ఈ కోవలోదే, అందుకే డబ్బు రాగానే స్నానాలగది కట్టించుకుంది. లేమి మనిషి బుర్రని కూడా తినేస్తుంది. తమిళనాడులో చెరకు రైతులు 464 మందికి కోతకి ముందు, కోత తర్వాత అవే తరహా తర్కపరీక్షలు పెట్టారు. చేతిలో డబ్బాడని కోతకి ముందు రోజుల్లో మార్కులు తక్కువ వచ్చాయి. 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఫలితం ఇది. ఇలా లేక పొదుపు చేసేవాళ్లకి డబ్బు వస్తే ఖర్చు పెరుగుతుంది, పెరగాలి కూడా. కళ్లజోడు, పళ్ల వైద్యం, కారుతున్న కప్పు. ఆ ఖర్చుని దుబారా అనడం అన్యాయం.

కాబట్టి పొదుపరికి ధనం వస్తే ఏమవుతుందన్న ప్రశ్నకి జవాబు, ఆ పొదుపు ఎందుకు పుట్టిందన్న దాంట్లో ఉంది. లేమి వల్ల పుట్టిన పొదుపు డబ్బుతో పాటు పోతుంది. బాధ వల్ల పుట్టినది కోట్లు వచ్చినా పోదు. నెదర్లాండ్స్‌లో ఎనిమిది వందల మందికి పైగా కోటీశ్వరుల్ని అడిగితే, తమకి ఇష్టంలేని ఇంటిపనుల్ని డబ్బిచ్చి ఇంకొకరి చేత చేయించుకోనివాళ్లు సగానికి దగ్గరగా ఉన్నారు. అదే అధ్యయనంలో, అలా డబ్బుతో సమయం కొనుక్కున్నవాళ్లు ఎక్కువ తృప్తితో ఉన్నట్టు తేలింది. ఇష్టంతో చేసిన పొదుపు మాత్రం డబ్బుకి ఒక దారి చూపిస్తుంది. కెనడాలో నోవా స్కోషియాకి చెందిన వృద్ధ దంపతులు 2010లో కోటీ పన్నెండు లక్షల డాలర్ల లాటరీ గెలిచి, ఇంచుమించు మొత్తం ఆసుపత్రులకీ అగ్నిమాపక కేంద్రాలకీ చర్చిలకీ బంధువులకీ పంచేశారు. తమకి మాత్రం ఏమీ కొనుక్కోలేదు.

అయితే మనసు ఒక్కటే చాలదు. నెదర్లాండ్స్‌లోనే ఒక లాటరీ మీద అధ్యయనం చేసిన రోజుల్లో అది వారం వారం ఒక పిన్‌కోడుని గెలిపించేది. ఆ వీధిలో టికెట్టు కొన్నవాళ్లకి టికెట్టుకి 12,500 యూరోలు, ఒకరికి బీఎండబ్ల్యూ కారు. టికెట్టు కొననివాళ్లకి ఏమీ వచ్చేది కాదు. ఆరు నెలల తర్వాత చూస్తే విజేతల పక్కింటివాళ్లలో, పైసా రానివాళ్లలో కూడా, కార్లు మార్చడం ఎక్కువైంది. పక్కింటి వాకిట్లో ఆగిన కారు మన ఖర్చుని మారుస్తుంది. ఇక అలవాట్లు మనసులో కన్నా చుట్టుపక్కల పరిసరాల్లో ఎక్కువగా ఉంటాయని వెండీ వుడ్ వంటి మనోవైజ్ఞానికులు చూపించారు. ఒక విశ్వవిద్యాలయం నుంచి ఇంకోదానికి మారిన విద్యార్థుల్ని ఆమె బృందం గమనించింది. వ్యాయామం, పేపరు చదవడం వంటి అలవాట్లు కొత్తచోట పాత పరిస్థితులు ఉంటేనే కొనసాగాయి. అవి మారిన చోట అలవాటు తెగిపోయింది. సంపద రాగానే మనం చేసే మొదటి పని ఏమిటి? ఇల్లు మారడం. ఆ ఒక్క పనితో పొరుగూ మారుతుంది, అలవాట్లని పట్టి ఉంచిన పరిసరాలూ పోతాయి.

మన రాష్ట్రాల్లో హఠాత్ సంపద ఎక్కువగా భూమి మీదుగా వస్తుంది. 2015లో అమరావతి రాజధాని కోసం రైతులు 33,000 ఎకరాలకి పైగా భూసమీకరణకి ఇచ్చారు. ఎకరాకి ఇంత చొప్పున అభివృద్ధి చేసిన స్థలాలూ, పదేళ్ల పాటు ఏటా కౌలూ ఒప్పందం. కౌలు మెట్టకి 30,000 రూపాయలు, నీటి వసతి ఉన్న జరీబు భూమికి 50,000, ఏడాదికి పది శాతం పెంపు. ఆ పల్లెల్లో కాగితం మీద రాత్రికి రాత్రి కోటీశ్వరులైనవాళ్లు ఉన్నారు. 2019 చివర్లో మూడు రాజధానుల ప్రకటన తర్వాత ఆ కాగితం విలువ ఎంత తగ్గిందో కూడా వాళ్లే చూశారు. కౌలురైతుకీ కూలీకీ ఆ ధరలతో సంబంధమే లేదు. భూమిలేని కుటుంబాలకి ప్రభుత్వం మొదట ప్రకటించింది నెలకి 2,500 రూపాయల పింఛను. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల కూడా ఎకరం అమ్మి ఇంటికి కోట్లు తెచ్చుకున్న కుటుంబాలు ఊరూరా ఉన్నాయి.

ఇక్కడ లాటరీకీ భూమికీ ఒక పెద్ద తేడా ఉంది. లాటరీ తగిలితే ఉన్నదాని మీద కొంత చేరుతుంది. భూమి అమ్మితే ఒకటి పోయి ఇంకొకటి వస్తుంది. రైతు కుటుంబం చవగ్గా బతకడం చాలావరకు ఆ భూమి చేసిపెట్టిన పని. తిండికి సరిపడా బస్తాలు ఇంట్లో వేసుకుని మిగతా ధాన్యం అమ్మేవాళ్లు. కందిపప్పు చేలోది, పచ్చడికి మిరపకాయలు చేలోవి, గట్టు మీద గోంగూర, పెరట్లో ఆనపపాదు. గేదెకి గడ్డి పొలంలోది, పాలు గేదెవి. పొయ్యిలోకి పత్తికట్టె. వీటిలో దేనికీ డబ్బు లెక్క లేదు, కాబట్టి ఎవరూ దీన్ని ఆదాయంగా రాసుకోలేదు. పొలం పోయి పట్నంలో అపార్టుమెంటుకి మారగానే ఇవన్నీ కొనాల్సినవి అయ్యాయి. పాల ప్యాకెట్టు, గ్యాసు, నెలనెలా మెయింటెనెన్సు, పిల్లల బస్సు ఫీజు. ఆ ఇంట్లో ఎవరి స్వభావమూ మారలేదు. ఆ ఇల్లాలు ఇప్పటికీ కొత్తిమీర కాడ పారెయ్యదు. అయినా నెల ఖర్చు పదింతలు అయింది. ‘డబ్బు చూసి కళ్లు నెత్తికెక్కాయి’ అని ఊరు అనే మాటలో నిజం కొంతే. వాళ్ల పొదుపుని నిలబెట్టిన ఏర్పాటే పోయింది.

భూమి ఊడిపడితే మరుసటి తరం దానంతట అదే బాగుపడుతుందన్న ఆశ కూడా పరీక్షకి నిలబడలేదు. 1832లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం చెరోకీ తెగ నుంచి గుంజుకున్న భూముల్ని లాటరీ వేసి తెల్లవాళ్లకి పంచింది. గెలిచినవాళ్ల కొడుకుల్ని తర్వాతి జనాభా లెక్కల్లో వెతికి చూస్తే, చదువులోనూ ఆస్తిలోనూ ఓడినవాళ్ల కొడుకుల కన్నా మెరుగ్గా లేరని 2016లో ఇద్దరు ఆర్థిక చరిత్రకారులు చూపించారు.

పొలం బేరం మాట్లాడుకుంటున్న కుటుంబాలకి ఒక మాట చెబుతాను. అగ్రిమెంటు మీద సంతకానికి ముందు, ఏడాదిలో ఆ పొలం మీ వంటింటికి డబ్బు లేకుండా ఏమేం ఇచ్చిందో ఒక కాగితం మీద రాయండి. బియ్యం, పప్పు, పాలు, గడ్డి, కూరలు అన్నిటికీ బజారు ధర కట్టండి. వచ్చే సొమ్ములోంచి ముందుగా ఆ మొత్తం ఏటా వడ్డీగా వచ్చేంత విడదీసి బ్యాంకులో వెయ్యండి. ఇల్లు మారడం, కారు కొనడం ఒక ఏడాది ఆపండి. కాగితం రాయడానికి ఇంట్లో ఆడవాళ్లని కూర్చోబెట్టండి, ఆ లెక్క తెలిసింది వాళ్లకే.